గోడ మీది జాబితా చదువుదాం



మీరు అక్షరాలు నేర్చుకున్నారు. మీ పేరు మీరే రాస్తున్నారు. బస్సు బోర్డు చదువుతున్నారు. రేషన్ కార్డు చదువుతున్నారు. ఈ పాఠంలో ఇంకో కాగితం చదవడం నేర్చుకుందాం. అది కరువు సాయం జాబితా. ఆ కాగితంలో మన చేను ఉంటుంది. మన కష్టం ఉంటుంది. ఒక్కోసారి తప్పు కూడా ఉంటుంది.

ఒక చుక్క కథ

2023లో వాన మనల్ని మోసం చేసింది. ముందు కొంచెం పడింది. అందరం చెనిక్కాయ విత్తనం వేశాం. చేను పచ్చగా లేచింది. పూత వచ్చింది. ఊడలు దిగే సమయానికి వాన ముఖం చాటేసింది. ఆ ఏడాది ఆగస్టు నెల దేశమంతా ఎండిపోయింది. 1901 నుంచి లెక్కలు చూస్తే అంత తక్కువ వాన పడిన ఆగస్టు లేదు. ఊడ నేలలోకి దిగకపోతే కాయ ఎక్కడిది? చెట్టు పీకి చూస్తే వేళ్లకు మట్టి తప్ప ఏమీ లేదు.

మా చదువుల కేంద్రానికి ఒక అక్క వచ్చేది. భర్త చనిపోయాడు. మూడు ఎకరాల మెట్ట చేను ఆమె పేరు మీదికి మారింది. పాసు పుస్తకం కూడా ఆమె పేరుతోనే ఉంది. అధికారులు పంట నష్టం రాసుకుని పోయారు. కొన్నాళ్లకు ఊళ్లో గోడకు జాబితా అతికించారు. ఆ రోజు సాయంత్రం ఆ అక్క సంతోషంగా వచ్చింది.

"టీచరమ్మా, జాబితాలో నా పేరు ఉంది. నేనే చదివినా!" అంది.

"పేరు పక్కన ఏముందక్కా?" అని అడిగాను.

"అంకెలు ఉన్నాయి. అవి చూడలేదు" అంది.

ఇద్దరం టార్చిలైటు పట్టుకుని గోడ దగ్గరికి పోయాం. ఆమె వేలు పెట్టి చదివింది. పేరు సరిగ్గా ఉంది. సర్వే నంబరు సరిగ్గా ఉంది. పంట వేరుశనగ అని ఉంది. విస్తీర్ణం అనే గడిలో 0.30 అని ఉంది.

"ఇది ఎంత టీచరమ్మా?"

"ముప్పై సెంట్లు అక్కా."

ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాది మూడు ఎకరాలు కదమ్మా!" అంది.

3.00 అని రాయాల్సిన చోట 0.30 అని పడింది. చుక్క ఒక గడి జరిగింది. మూడు ఎకరాలు ముప్పై సెంట్లయింది. మరుసటి రోజు ఆమె పాసు పుస్తకం తీసుకుని పోయి అర్జీ ఇచ్చింది. అధికారి రికార్డు చూశాడు. తప్పు దిద్దాడు. అప్పటికి జాబితా ఇంకా పైకి పోలేదు. అందుకే దిద్దడం సులువయింది.

అందరికీ ఇలా జరగదు. నా చిన్నప్పుడు మా ఇంట్లోనే వేరుగా జరిగింది. మా నాన్న పేరు ముందు ఇంటి పేరు తప్పు పడింది. మా అమ్మకు చదువు రాదు. నాన్న కూలి పనికి బెంగళూరు పోయాడు. గోడ మీది కాగితం మేమెవరం చూడలేదు. డబ్బు రాలేదని తెలిసేసరికి జాబితా ముగిసిపోయింది. "వచ్చే ఏడాది చూద్దాం" అన్నారు. ఆ ఏడాది పోయిన డబ్బు మళ్లీ రాలేదు.

మనకు కరువు ఎందుకు వస్తుంది?

మన అనంతపురం ప్రాంతంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఇది చాలా తక్కువ. నైరుతి గాలులు పడమటి కనుమలను దాటి వచ్చేసరికి వాటిలో తడి తగ్గిపోతుంది. ఈశాన్య గాలులు కోస్తాను తడిపి మన దాకా వచ్చేసరికి అవీ బలం తగ్గుతాయి. మనం రెండింటికీ చివరన ఉన్నాం. పైగా మన ఎర్ర నేల పలుచన. నీళ్లను ఎక్కువ రోజులు పట్టి ఉంచుకోలేదు. మూడు వారాలు వాన లేకపోతే చేను వాడిపోతుంది.

కరువు మనకు కొత్త కాదు. 1876లో వచ్చిన కరువును పెద్దలు ధాత కరువు అంటారు. అది ధాత నామ సంవత్సరం. ఆ కరువులో మన సీమలో లెక్కలేనంత మంది చనిపోయారు. ఆ తర్వాతే అప్పటి ఆంగ్ల ప్రభుత్వం 1878లో కరువు కమిషన్ వేసింది. కరువు వచ్చినప్పుడు సర్కారు ఏం చేయాలో నియమాలు రాశారు. అప్పటి సాయం అంటే రాళ్లు కొట్టే పని, చెరువు మట్టి పని, గంజి. ఇప్పటి సాయం బ్యాంకు ఖాతాలో పడే డబ్బు. 2005లో విపత్తు నిర్వహణ చట్టం వచ్చింది. ఆ చట్టం కింద ప్రతి రాష్ట్రానికీ ఒక విపత్తు నిధి ఉంది. మన రాష్ట్రం నిధిలో కేంద్రం 100కు 75 రూపాయలు వేస్తుంది. రాష్ట్రం 25 రూపాయలు వేస్తుంది. అది మనమందరం కట్టే పన్నుల డబ్బు. మనం కొనే చాలా వస్తువుల్లో ఎంతో కొంత పన్ను ఉంటుంది. కాబట్టి ఈ సాయం ఎవరో పెట్టే భిక్ష కాదు. అడిగి తీసుకునే హక్కు.

సాయం మన దాకా ఎలా వస్తుంది?

ఒకటి: మండలంలో వాన కొలుస్తారు. ఎంత పడాలి, ఎంత పడింది, ఎన్ని వారాలు పడలేదు అని చూస్తారు. విత్తనం ఎంత మేర పడింది, చేలు ఎలా ఉన్నాయి అని కూడా చూస్తారు.

రెండు: జిల్లా కలెక్టరు రాష్ట్రానికి రాస్తారు. రాష్ట్ర ప్రభుత్వం కరువు మండలాలను ప్రకటిస్తుంది. 2023 ఖరీఫ్‌లో రాష్ట్రంలో 103 మండలాలను ప్రకటించారు. అందులో అనంతపురం జిల్లావి 28. శ్రీ సత్యసాయి జిల్లావి 21. ఈ రెండూ 2022 ఏప్రిల్ దాకా ఒకే జిల్లా. 28, 21 కలిపితే ఎంత? 49. అంటే రాష్ట్రం కరువులో దాదాపు సగం మన ఇంట్లోనే ఉంది.

మూడు: ఊరిలో పంట నష్టం రాస్తారు. వ్యవసాయ సహాయకులు, రెవెన్యూ వాళ్లు కలిసి చేస్తారు. ఈ-పంటలో ఎవరి పేరు, ఏ పంట నమోదయిందో దాన్ని చూసి రాస్తారు.

నాలుగు: జాబితాను ఊళ్లో అందరికీ కనిపించేలా పెడతారు. తప్పులుంటే చెప్పడానికి గడువు ఇస్తారు. ఆ గడువు కొద్ది రోజులే. మన పని ఇక్కడే ఉంది.

ఐదు: దిద్దిన జాబితా జిల్లాకు పోతుంది. మంజూరయ్యాక డబ్బు ఖాతాలో పడుతుంది. దీనికి నెలలు పట్టవచ్చు.

ఎంత వస్తుంది? లెక్క చేద్దాం

ఈ సాయాన్ని పెట్టుబడి రాయితీ అంటారు. కాగితాల్లో ఇన్‌పుట్ సబ్సిడీ అని రాస్తారు. పంట మొత్తానికి ఇచ్చే ధర కాదు ఇది. మళ్లీ విత్తనం వేసుకోవడానికి ఇచ్చే సాయం.

పంట 100కు 33 పాళ్లు, అంటే మూడో వంతు పోతే సాయం వస్తుంది. 2015కు ముందు సగం పంట పోతేనే ఇచ్చేవారు. 2015లో ఈ నియమం మార్చారు.

మెట్ట చేనుకు 2015లో కేంద్రం పెట్టిన రేటు హెక్టారుకు 6,800 రూపాయలు. 2022లో దాన్ని 8,500 చేశారు. రెండు హెక్టార్ల దాకే ఇస్తారు. కావాలంటే రాష్ట్రం తన డబ్బు కలిపి ఎక్కువ ఇవ్వవచ్చు. రేటు మారుతూ ఉంటుంది. అందుకే ప్రతిసారీ "ఈసారి హెక్టారుకు ఎంత?" అని అడగండి.

మనం ఎకరాల్లో మాట్లాడతాం. సర్కారు హెక్టార్లలో రాస్తుంది. ఒక హెక్టారు అంటే 2 ఎకరాల 47 సెంట్లు. 8,500 రూపాయలను ఎకరాకు లెక్క కడితే సుమారు 3,440 రూపాయలు అవుతుంది.

మూడు ఎకరాలకు: 3 × 3,440 = 10,320 రూపాయలు.
ముప్పై సెంట్లకు: 1,032 రూపాయలు.

చూశారా? ఆ అక్క చుక్కను చూడకపోతే తొమ్మిది వేలకు పైన పోయేది. ఒక్క చుక్క!

ఇంకో జాగ్రత్త. కొన్ని జాబితాల్లో విస్తీర్ణం హెక్టార్లలో ఉంటుంది. మూడు ఎకరాలు అక్కడ 1.21 అని కనిపిస్తుంది. అది తప్పు కాదు. గడి పైన ఎకరాలు అని ఉందా, హెక్టార్లు అని ఉందా, ముందు అది చదవండి.

విత్తనం, దుక్కి, కలుపు కూలి, మందులు కలిపి చూస్తే ఈ సాయం ఏ మూలకూ చాలదు. ఆ సంగతి మనకు తెలుసు. అయినా వచ్చేది తక్కువ కదా అని వదిలేస్తే అదీ పోతుంది. అప్పుడు విత్తనానికి మళ్లీ వడ్డీ అప్పే దిక్కు.

రాయితీ వేరు, బీమా వేరు

చాలామంది ఈ రెండింటినీ ఒకటే అనుకుంటారు. రాయితీకి మనం ముందు ఏమీ కట్టం. బీమాకు ప్రీమియం కట్టాలి. రాయితీ ప్రభుత్వం ఇస్తుంది. బీమా డబ్బు బీమా కంపెనీ ఇస్తుంది.

2016లో ప్రధానమంత్రి ఫసల్ బీమా వచ్చింది. ఖరీఫ్‌లో ఆహార పంటలకు, నూనె గింజలకు రైతు కట్టే ప్రీమియం బీమా మొత్తంలో 100కు 2 రూపాయలకు మించకూడదు. మిగిలింది ప్రభుత్వాలు కడతాయి. మన రాష్ట్రంలో కొన్నేళ్లు రైతు వాటా కూడా ప్రభుత్వమే కట్టింది. తర్వాత రైతే కట్టే పద్ధతి వచ్చింది. "పోయినసారి ఊరికే వచ్చింది కదా" అనుకుని కట్టకుండా ఉంటే బీమా ఉండదు. విత్తనం వేసే ముందే అడిగి తెలుసుకోండి. గడువు తేదీ రాసిపెట్టుకోండి. రసీదు దాచుకోండి.

బీమాలో మన ఒక్క చేను చూసి డబ్బు ఇవ్వరు. ఆ ప్రాంతంలో కొన్ని చేలలో పంట కోసి తూకం వేస్తారు. ఆ సగటు చూస్తారు. కొన్ని పంటలకు వాన లెక్క చూస్తారు. అందుకే "నా చేను ఎండింది, అయినా బీమా రాలేదు" అనే మాట వింటుంటాం. అయితే వడగండ్లు, చేను మునగడం వంటివి ఒక్క చేనుకే జరిగినా చెప్పుకోవచ్చు. 72 గంటల్లో, అంటే మూడు రోజుల్లో చెప్పాలి.

ఎవరి పేరు మీద ఉంది?

అక్కలారా! చేలో విత్తేది మనం. కలుపు తీసేది మనం. కాయ ఒలిచేది మనం. పాసు పుస్తకంలో మాత్రం ఎక్కువగా మగవాళ్ల పేరే ఉంటుంది. ఒక్కోసారి చనిపోయిన మామ పేరు కూడా అలాగే ఉంటుంది. చనిపోయినవాళ్ల ఖాతాకు డబ్బు రాదు. వారసుల పేరుకు మార్చుకోవాలి. ఇది కరువు వచ్చినప్పుడు పరుగెత్తి చేసే పని కాదు. ముందే చేసుకోవాలి. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల పత్రం, పాసు పుస్తకం పట్టుకుని తహసీల్దారు కార్యాలయంలో అర్జీ పెట్టాలి.

కౌలుకు చేసేవాళ్ల కష్టం ఇంకా ఎక్కువ. పెట్టుబడి వాళ్లది. నష్టం వాళ్లది. సాయం మాత్రం భూమి యజమానికి పోతుంది. 2019లో మన రాష్ట్రం పంట సాగుదారు హక్కుల చట్టం చేసింది. 11 నెలలకు చెల్లే కార్డు ఇచ్చే ఏర్పాటు అందులో ఉంది. కానీ కార్డుకు యజమాని సంతకం కావాలి. చాలామంది యజమానులు భయపడి సంతకం పెట్టలేదు. మా కేంద్రంలోనే ఒక చిన్నమ్మ నాలుగు ఎకరాలు కౌలుకు వేసింది. చేను ఎండింది. కార్డు లేదు. ఆమె జాబితా మొత్తం రెండుసార్లు చదివింది. ఆమె పేరు లేదు. ఆమెకు నేను చెప్పగలిగిన మాట ఒకటే. "చిన్నమ్మా, వచ్చే ఏడాది కౌలు మాట్లాడే రోజే కార్డు సంగతి కూడా మాట్లాడు. నలుగురి ముందర మాట్లాడు." ఈ మాట ఆమె కడుపు నింపలేదు. అది నాకు తెలుసు.

భూమి లేని కూలివాళ్లకు ఈ రాయితీ రాదు. వాళ్లకు పని కావాలి. 2006 ఫిబ్రవరి 2న దేశంలో ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించింది మన నార్పల మండలం బండ్లపల్లిలోనే. కరువు ప్రకటించిన చోట 100 రోజుల పైన ఇంకో 50 రోజులు పని ఇచ్చిన ఏళ్లున్నాయి. కరువు వస్తే ఈసారి ఎన్ని రోజుల పని అని ఊరి సభలో అడగండి.

వేలు పెట్టే ముందు చదవండి

ఒకప్పుడు చదువు రానివాళ్లు వేలిముద్ర వేసేవాళ్లు. చదువుకున్నాక సంతకం వచ్చింది. "ఇక వేలిముద్ర పోయింది" అని సంబరపడ్డాం. ఇప్పుడు మళ్లీ మిషన్ మీద వేలు పెడుతున్నాం. ఈ-పంటకు వేలు పెట్టాలి. బ్యాంకు మిత్ర దగ్గర డబ్బు తీసుకోవాలన్నా వేలు పెట్టాలి. చదువుకున్నవాళ్లూ, చదువుకోనివాళ్లూ అందరూ పెట్టాల్సిందే. తేడా ఒక్కటే. చదువు వచ్చినవాళ్లు వేలు పెట్టే ముందు చదవగలరు.

ఈ-పంటలో వేలు పెట్టే ముందు నాలుగు చూడండి: పేరు, సర్వే నంబరు, పంట పేరు, విస్తీర్ణం. చెనిక్కాయ వేస్తే కంది అని పడిందా? మూడు ఎకరాలు వేస్తే రెండు అని పడిందా? అక్కడే చెప్పండి.

డబ్బు తీసుకునేటప్పుడు మిషన్ మీద ఎంత అని చూపిస్తుందో చదవండి. చీటీ అడిగి తీసుకోండి. చేతికి వచ్చిన డబ్బు, చీటీలోని అంకె ఒకటేనా? లెక్క పెట్టుకోండి. ఖాతాకు ఆధార్ కలిసి ఉందా లేదా అని ముందే బ్యాంకులో అడగండి.

తప్పు ఉంటే అర్జీ రాద్దాం

నోటితో చెప్పిన మాట గాలికి పోతుంది. కాగితం మీది మాట నిలుస్తుంది. ఇలా రాయండి:

మండల వ్యవసాయ అధికారి గారికి,
అయ్యా / అమ్మా,
నా పేరు ................ మా ఊరు ................
నా సర్వే నంబరు ................ నేను .......... ఎకరాల్లో వేరుశనగ వేశాను. వాన లేక పంట ఎండిపోయింది.
పంట నష్టం జాబితాలో నా విస్తీర్ణం .......... అని తప్పుగా పడింది. దయచేసి విచారించి సరిదిద్దగలరు.
పాసు పుస్తకం, ఆధార్ నకళ్లు జత చేశాను.
తేదీ ..........
సంతకం ..........

ఇలాంటివి రెండు రాయండి. ఒకటి ఇవ్వండి. రెండో దాని మీద "అందింది" అని సంతకం, తేదీ వేయించుకోండి. అది మీ దగ్గర దాచుకోండి. పని కాకపోతే సోమవారం కలెక్టరు కార్యాలయంలో జరిగే గ్రీవెన్స్‌కు పోవచ్చు. 2005 సమాచార హక్కు చట్టం కింద "నా పేరు ఎందుకు తీసేశారు?" అని కాగితం పెట్టి అడగవచ్చు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

అందరం కలిసి చదువుదాం

1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు రాత్రి బడికి వచ్చారు. పాఠం చదివారు. చదివినదాని గురించి మాట్లాడుకున్నారు. కలిసి పోయి ఊళ్లో సారా ఆపించారు. ఆ ఉద్యమం పెరిగింది. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఒక్కరు చదివితే ఒక ఇంటికి మేలు. పదిమంది కలిసి చదివితే ఊరికి మేలు.

మన ఊళ్లో జాబితా పెట్టిన రోజు అందరం కలిసి పోదాం. చదువు వచ్చినవాళ్లు గట్టిగా చదవాలి. రానివాళ్లు వినాలి. ముసలివాళ్ల పేర్లు, వలస పోయినవాళ్ల పేర్లు కూడా చూడాలి. బెంగళూరు పోయిన పక్కింటివాళ్ల పేరు తప్పు పడితే ఫోన్ చేసి చెప్పాలి. మా అమ్మకు ఆ రోజు అలా చెప్పేవాళ్లు ఎవరూ లేరు.

ఆ అక్క ఇప్పుడు జాబితా వస్తే ముందు చుక్కను చూస్తుంది. తర్వాతే పేరు చూస్తుంది.

కొత్త మాటలు

విస్తీర్ణం – చేను ఎంత ఉందో చెప్పే లెక్క
రాయితీ – ప్రభుత్వం ఇచ్చే సాయం
ప్రీమియం – బీమా కోసం ముందు కట్టే డబ్బు
వారసులు – చనిపోయినవాళ్ల ఆస్తికి హక్కుదారులు
మంజూరు – ఇవ్వడానికి ఒప్పుకోవడం

చెప్పండి, చేయండి

1. 2.50 ఎకరాలు, 0.25 ఎకరాలు – ఈ రెండింటికీ తేడా ఎంత? సెంట్లలో చెప్పండి.
2. మామూలుగా 9 మూటలు పండే చేలో 6 మూటలే పండాయి. మూడో వంతు పోయిందా? 10 మూటలు పండే చేలో 7 పండితే?
3. మీ పాసు పుస్తకం తెచ్చి చదవండి. ఎవరి పేరు ఉంది? సర్వే నంబరు ఎంత? విస్తీర్ణం ఎంత?
4. పై అర్జీని మీ వివరాలతో నోటుపుస్తకంలో రాయండి.
5. మీ ఊళ్లో కౌలుకు చేసే ఆడవాళ్లు ఎంతమంది? వాళ్లలో కార్డు ఉన్నవాళ్లు ఎంతమంది? మాట్లాడుకోండి.